తూము కింద అమ్మ గొంతు

మా అమ్మ గొంతు పెద్దది. ఇంట్లో గొణిగినా వీధిలోకి వినపడేది. కల్లంలో ఉన్న నాన్నని అన్నానికి పిలవాలంటే ఆమె అరుగు దిగేది కాదు. అక్కడే నిలబడి ఒక్క కేక వేసేది. నాన్నతో పాటు ఇంకో నలుగురు మగాళ్ళు కూడా ఉలిక్కిపడి తువ్వాళ్ళు దులుపుకునేవాళ్ళు. "మా అక్క కేకేస్తే నల్లపాడు స్టేషన్లో రైలు ఆగుద్ది బావా" అని వరసైనవాళ్ళు నాన్నని ఆటపట్టించేవాళ్ళు. నాకేమో హాస్టల్ నుంచి స్నేహితురాళ్ళు వస్తే సిగ్గుగా ఉండేది. కాస్త మెల్లగా మాట్లాడమ్మా అని ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు.

రోడ్డు పక్కన మాకు ఒక ఎకరం ఉండేది. చుట్టూ అందరిదీ మిరప, పత్తి. నాన్న మాత్రం ఆ ఎకరంలో ఏటా జొన్న వేసేవాడు, రొట్టెకి గింజ, గేదెలకి చొప్ప వస్తాయని. ఆ చుట్టుపక్కల తినే గింజ ఉన్న చేను అదొక్కటే కావడంతో ఎక్కడెక్కడి చిలకలూ పిచ్చుకలూ మా మీదే పడేవి. కంకి పాలు పోసుకున్న దగ్గర్నుంచి కోత దాకా పొద్దున కొంతసేపు, సాయంత్రం కొంతసేపు అమ్మ మంచె మీద నిలబడేది. వడిసెల తిప్పి రాళ్ళు విసరడం ఆమెకి రాదు. ఉన్నది గొంతే. "హో... హోయ్! హోహోయ్!" అని ఒక్క అరుపు అరిస్తే చేనంతా పచ్చగా లేచి ఆకాశంలోకి పోయేది.

నేను గుంటూరులో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతుండగా ఆ గొంతులో పుండు లేచింది. ముందు జలుబనుకున్నాం. తర్వాత మిరపకాయల ఘాటనుకున్నాం. మిరపకాయల్లో పుట్టి పెరిగిన మనిషికి ఇప్పుడు కొత్తగా ఘాటేమిటని ఒక్కళ్ళం కూడా ఆలోచించలేదు. చివరికి గుంటూరులో పెద్ద డాక్టరు చూసి, గొంతు తీసేస్తే మనిషి ఉంటుంది, ఉంచితే ఉండదు అన్నాడు. మెడకి రంధ్రం పెడతామనీ, ఇక ఊపిరి అందులోంచేననీ, మాట రాదనీ చెప్పాడు. అమ్మ అంతా విని, "అన్నం తినొచ్చాండీ?" అని అడిగింది.

ఆపరేషన్‌కి వెళ్ళే ముందు రోజు సాయంత్రం నాన్న కొత్త క్యాసెట్టు కొనుక్కొచ్చి టేప్ రికార్డరులో పెట్టాడు. ఏదన్నా మాట్లాడమన్నాడు. అమ్మ దాని ముందు కూర్చుని చాలాసేపు కొంగు మెలిపెట్టింది.

"ఏం మాట్లాడనండి? మీతో చెప్పాల్సినవి ఎప్పటికప్పుడు చెప్తూనే ఉన్నాగా."

"ఏదో ఒకటి అను. పిల్లకైనా ఉంటది."

"అది హాస్టల్లో నా మాట వింటదా? ఇంట్లో ఉన్నప్పుడే వినదు." నావైపు చూసి నవ్వింది. తర్వాత ఏం తోచిందో లేచి, "పదండి, చేలోకి పోదాం. వచ్చే ఏడు పిట్టల్ని ఎవరు తోలతారు, మీరా? మీ గొంతుకి కోడిపిల్ల కూడా కదలదు" అంది.

మంచె ఎక్కి, టేప్ రికార్డరు పక్కన పెట్టించుకుని, క్యాసెట్టు రెండు వైపులా నిండేదాకా పిట్టల్ని తోలింది. పుండు పెట్టుకుని అలా అరవద్దని నేను ఏడుస్తూనే ఉన్నాను. అరుపుకీ అరుపుకీ మధ్య ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ అరిచేది. ఆఖరికి నాన్నతో, "ఇంక చాలు, ఆపండి. గొంతు మండుతోంది" అంది. ఆ క్యాసెట్టులో ఆమె మాటలంటూ ఉన్నవి అవే. మిగతాదంతా పిట్టలతోనే.

మనిషి బతికింది. మెడకి తెల్ల గుడ్డ కట్టుకుని ఇంటికొచ్చింది. ఇంట్లో ఏం చప్పుడు లేదని తెలియడానికి మాకు చాలా రోజులు పట్టింది. నాన్న కల్లం నుంచి అన్నానికి తనంతట తనే వచ్చేవాడు, ఒక్కోసారి మర్చిపోయేవాడు.

మరుసటి ఏడు జొన్న పాలు పోసుకోగానే అమ్మ పెట్టె తెరిచి ఆ క్యాసెట్టు తీసి నాన్న చేతిలో పెట్టింది. నాన్న దాచుకుందామన్నాడు. ఆమె చేను వైపు చెయ్యి చూపించింది. పనికొచ్చే వస్తువుని పెట్టెలో పెట్టడం ఆమెకి ఎప్పుడూ నచ్చేది కాదు. ఇంకో కాపీ తీయించాలని మాకెవరికీ తట్టలేదు.

నాన్న చేతిపని తెలిసినవాడు. మందు కొట్టే స్ప్రేయర్లు తనే విప్పి బాగుచేసుకునేవాడు. పాత మోటారు సైకిలు బ్యాటరీ ఒకటి, మైకు సెట్టువాళ్ళు పడేసిన చిన్న బాకా ఒకటి సంపాదించాడు. బాకాని మంచె మీద కట్టి వైరు లాగాడు. పొద్దున తనే వెళ్ళి టేపు వేసొచ్చేవాడు. సాయంత్రం మిరపకోతల్లో తీరదు కాబట్టి ఇంట్లో అలారం గడియారం తీసుకెళ్ళాడు. అలారం మోగేటప్పుడు దాని వెనక చెవి తిరుగుతుంది కదా, ఆ చెవికి దారం కట్టి, దారం చుట్టుకుంటే స్విచ్చి పడేలా చేశాడు. ఇదంతా వానకీ దుమ్ముకీ పాడవకుండా, పై భాగం కోసేసిన పురుగుమందు డబ్బాలో పెట్టి, కోసిన ముక్కనే మూతగా బిగించాడు. డబ్బా మీద పుర్రె బొమ్మ, ఎర్ర గుర్తు అలాగే ఉన్నాయి. మా ఊళ్ళో అలాంటి డబ్బాల్లో జనం ఉప్పు కూడా పోసుకుంటారు.

మొదటిరోజు సాయంత్రం నాలుగింటికి అమ్మ గొంతు చేలోంచి ఊరిమీదికి వచ్చింది. పనులు చేసుకుంటున్నవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత అలవాటైపోయి, "అక్క అరిచింది, టీ పెట్టండి" అనుకునేదాకా వచ్చింది. అమ్మ నాలుగవుతుందనగా వచ్చి అరుగు మీద కూర్చునేది. తన గొంతు తనే వినేది. అప్పుడప్పుడు భుజాలు కదిలేవి, నవ్వుతోందని అలాగే తెలిసేది. మూడు వారాలపాటు మా ఊరంతా ఆ గొంతు విన్నది. ఇది మర్చిపోకూడదు. నేను మర్చిపోలేదు.

శివరాత్రి సెలవులకి నేను ఇంటికి వచ్చేసరికి గొంతు సాగుతోంది. ఎండకి టేపు వేడెక్కి, అమ్మ అరుపు మగవాళ్ళ అరుపులా వస్తోంది. నాకు కోపం వచ్చింది. "మంచె పక్కన ఎండలో పెట్టావేంటి నాన్నా, పాడైపోదూ? రోడ్డు కింద తూములో పెట్టు, నీడా ఉంటది, నీళ్ళు కూడా లేవిప్పుడు" అన్నాను. నాన్న సరేనని ఆ సాయంత్రమే డబ్బాని తూములోకి మార్చి, వైరు చేలోంచి మంచె దాకా లాగాడు. చదువుకున్న పిల్ల చెప్పిందని సంతోషపడ్డాడు కూడా.

అప్పటి రోజులు చెప్పాలి. తూముల కింద మందుపాతరలు పెడుతున్నారని పేపర్ల నిండా వార్తలు. బస్సులో సీటు కింద సంచి కనపడితే జనం కిందికి దూకేవాళ్ళు. మా హాస్టల్ గేటు దగ్గర ఎవరో మర్చిపోయిన టిఫిన్ డబ్బా చుట్టూ ఒక పూటంతా తాడు కట్టారు, చివరికి అందులో ఎండిన పులిహోర తేలింది. అది చూసి నవ్వుకున్న నేనే గడియారం, బ్యాటరీ, వైరు ఉన్న డబ్బాని రోడ్డు కింద పెట్టమన్నాను. ఆ డబ్బా నాకు అమ్మ గొంతే కాబట్టి ఇంకొకరికి ఇంకేదోలా కనపడుతుందని తట్టలేదు.

మూడో రోజు నాన్న పొద్దున్నే పిట్టల్ని తోలి, గడియారానికి చెవి తిప్పి, మిర్చియార్డులో పనుండి గుంటూరు బస్సెక్కాడు. మర్నాడు మా రోడ్డు మీదుగా ఎవరో పెద్ద నాయకుడు వెళ్తాడట. మధ్యాహ్నం రెండు దాటాక పోలీసులు తూములు చూసుకుంటూ వచ్చారు.

నేను రోడ్డుకి అవతల కల్లంలో పిన్నితో కలిసి మిరపకాయలు తిరగేస్తున్నాను. పిన్ని అంటే మా బాబాయి భార్య. విజిల్ వినపడింది. చూస్తే జీపు, వెనక వ్యాను, ఒక కుక్క. కుక్క డబ్బా దగ్గరికి పోయి, పురుగుమందు వాసనకి తుమ్ముతూ వెనక్కి వచ్చింది. దానికి ఏదో తెలిసిపోయిందని పోలీసులంతా అప్రమత్తమయ్యారు. రోడ్డుకి రెండు వైపులా బస్సులు ఆపేసి తాడు కట్టారు. చేలల్లో ఉన్నవాళ్ళంతా వచ్చి తాడు దగ్గర గుంపుగా నిలబడ్డారు. పిన్నీ నేనూ కూడా ఆ గుంపులో ఉన్నాం.

ఎస్సై గట్టిగా అడిగాడు. "ఎవరు పెట్టార్రా ఇది? ఈ వైరు ఎవరిది? చెప్పండి!"

మాట లేదు. మూడు వారాలు ఆ గొంతు విని టీలు పెట్టుకున్నవాళ్ళందరూ అక్కడే ఉన్నారు. రైలు ఆగుద్దని వేళాకోళమాడినాయన నా ముందే నిలబడి, చెప్పులో ఇరుక్కున్న ముల్లు తీసుకుంటున్నట్టు వంగాడు. ఆ వైరు మా మంచె దాకా పోయిందని కళ్ళున్న ఎవరికైనా కనపడుతోంది.

నేను నోరు తెరిచాను. పిన్ని నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"నోర్మూసుకో. మీదని తెలిస్తే మీ నాన్నని తీసుకుపోతారు. పక్కూరాయన్ని తీసుకుపోయి ఎట్టా పంపించారో చూడలా? మళ్ళీ ఇంటికొస్తాడనుకున్నావా?"

పక్క ఊరాయన రెండు నెలల తర్వాత కుంటుకుంటూ వచ్చిన మాట నిజమే. పిన్ని చెడ్డది కాదు. నేను నోరు మూసుకున్నాను. భయపడ్డాను. ఇంతకంటే మంచి మాట వెతికితే అబద్ధమవుతుంది.

వాళ్ళు తూముకి రెండు వైపులా ఇసుక బస్తాలు పేర్చారు. ఒకతను పాక్కుంటూ వెళ్ళి వైరు కత్తిరించాడు.

నాలుగు కావస్తోంది. ఆ వేళకి అమ్మ అరుగు మీదికి వస్తుంది. మందులేసుకుని పడుకుని లేచి, ఆ రోజు కూడా వచ్చి ఉంటుంది. జీపూ వ్యానూ చూసి ఉంటుంది. చేనిగట్టు మీద పరిగెత్తుకుంటూ రావడం కనపడింది. మెడ గుడ్డ ఊడి భుజం మీద పడింది. తాడు కింద నుంచి దూరి నేరుగా తూము వైపు నడిచింది. ఇద్దరు పోలీసులు అడ్డం వచ్చారు. అమ్మ డబ్బా వైపు చెయ్యి చూపించింది. తన మెడ చూపించింది. మంచె చూపించింది. మళ్ళీ తన మెడ. నోరు తెరిచి ఏదో అంటోంది, మెడలో రంధ్రంలోంచి బుస్సుమని గాలి తప్ప ఏం రావడంలేదు.

"ఎవరీ పిచ్చిది? లాగండి పక్కకి!" అన్నాడు ఎస్సై.

పిచ్చిది కాదని కూడా ఎవరూ అనలేదు. వాళ్ళు రెక్కలు పట్టుకుని లాక్కొస్తుంటే అమ్మ గుంపులో ఒక్కొక్క మొహమే వెతికింది. నా మొహం దొరికింది. నన్ను చూసి తల గట్టిగా ఊపింది, చెప్పు చెప్పు అన్నట్టు. నేను నా చేతుల వైపు చూసుకున్నాను. మిరపకాయల ఎరుపు గోళ్ళలో ఉంది. దాన్నే చూస్తూ ఉన్నాను.

అప్పుడు అలారం మోగింది.

తూములో మోగేసరికి ఆ గంట పదింతలు వినపడింది. ఆ పరుగులు చెబితే ఇప్పటికీ నవ్వొస్తుంది, నవ్వాక అన్నం సయించదు. జనం పత్తి చేలో పడి పరిగెత్తారు. బస్సులో వాళ్ళు కిటికీల్లోంచి దూకారు. రోడ్డంతా చెప్పులు. మా కల్లంలో మిరపకాయల మీదనుంచి యాభై మంది తొక్కుకుంటూ పోయారు, ఆ ఘాటుకి దగ్గులూ తుమ్ములూ. పోలీసులు బోర్లా పడుకున్నారు. పరిగెత్తకుండా నిలబడింది అమ్మ ఒక్కతే. గంట ఆగింది. దారం చుట్టుకుని స్విచ్చి పడి ఉంటుంది. వైరు తెగింది కాబట్టి మంచె మీద బాకా పలకలేదు. టేపు మాత్రం డబ్బాలో తిరుగుతూనే ఉండి ఉంటుంది. అమ్మ మంచె వైపే చూస్తోంది.

కాసేపాగి వాళ్ళు డబ్బాని పేల్చేశారు. ఆ రోజు అక్కడ పేలిన మందు వాళ్ళు తెచ్చుకున్నదే.

పొగ తగ్గాక ఎస్సై వెళ్ళి చూసి, గడియారం గంట, టేప్ రికార్డరు మూత చేత్తో పట్టుకుని వచ్చాడు. "ఏందిది? టేప్ రికార్డరా?" అన్నాడు.

ఇక అందరికీ నోళ్ళొచ్చాయి. "అవునండీ, వాళ్ళదే. పిట్టల్ని తోలడానికండీ. ఆమె గొంతే అండీ అందులో, పాపం ఆపరేషన్ చేశారు" అని ఒకరి మీద ఒకరు పడి చెప్పారు. చెప్పులో ముల్లు తీసుకున్నాయన అందరికంటే ముందు నిలబడి గడియారం చెవి ఎలా తిరుగుతుందో కూడా వివరించాడు. కొందరు నవ్వారు.

ఎస్సైకి ఒళ్ళు మండింది. "ఈ మాట ముందే చెప్పొచ్చుగా? ఇంతమందిలో ఒక్కళ్ళకి నోరు లేదా?"

అమ్మ అక్కడే నిలబడి ఉంది. మెడ గుడ్డ ఎవరో తీసిస్తే కట్టుకుంటోంది.

నాన్న చీకటి పడేవేళకి వచ్చి, సంగతి విని, చొక్కా కూడా మార్చుకోకుండా తనే స్టేషన్‌కి వెళ్ళాడు. ఒక రాత్రి, ఒక పగలు కూర్చోబెట్టి, నాయకుడు దాటిపోయాక పంపించేశారు. కొట్టలేదు. పిన్ని నా మణికట్టు పట్టుకుని భయపెట్టినదేదీ జరగలేదు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ నన్ను అడిగాడు.

"నువ్వెక్కడున్నావమ్మా అప్పుడు?"

"కల్లంలో ఉన్నా నాన్నా. మమ్మల్ని రానివ్వలా."

అమ్మ చెంబుతో నీళ్ళు పోస్తోంది. ఒక్క క్షణం ధార ఆగింది. మళ్ళీ పోసింది. తర్వాత మూడేళ్ళు బతికింది. చేతులతో అన్నీ చెప్పేది, ఎవరి గేదె ఎన్ని పాలిచ్చిందో కూడా చెప్పేది. ఇదొక్కటి నాన్నకి చెప్పలేదు. నేనూ చెప్పలేదు. నన్ను కాపాడటానికి ఆమె చెప్పలేదని తలుచుకున్నప్పుడల్లా, ఆమెని కాపాడాల్సిన రోజు నేను నోరు మూసుకున్నది గుర్తొచ్చి నన్ను నేనే తిట్టుకుంటాను.

నాన్న వచ్చిన మర్నాడు మేం ముగ్గురం తూము దగ్గరికి వెళ్ళాం. టేపు ముక్కలు తుమ్మచెట్టు ముళ్ళకి చిక్కుకుని గాలికి మెరుస్తున్నాయి. నాన్న ఒక్కొక్కటీ విడదీశాడు. చాలావరకు కాలి ముడుచుకుపోయాయి. జానెడు ముక్క ఒకటి బాగుంది. దాన్ని పాత పాటల క్యాసెట్టులో జాగ్రత్తగా అతికించి, ఎదురింటివాళ్ళ టేప్ రికార్డరు తెచ్చి పెట్టాడు.

ముందు గాలి వినపడింది. చిలక ఒకటి కీచుమంది. తర్వాత ఒక మనిషి నోటితో నిండుగా ఊపిరి పీల్చుకున్న చప్పుడు. అంతే, పాట మొదలైంది.

"ఊపిరి తీసుకుంటోంది. ఇప్పుడు అరుస్తది" అన్నాడు నాన్న. వెనక్కి తిప్పి మళ్ళీ వేశాడు. మళ్ళీ గాలి, చిలక, ఊపిరి. ప్రతిసారీ అరుపు వస్తుందన్నట్టు ముందుకి వంగేవాడు. అమ్మ నాలుగుసార్లు విన్నది. నోటితో పీల్చే ఆ ఊపిరి కూడా ఆమెకిప్పుడు లేదు. మెడ గుడ్డ మీద చెయ్యి పెట్టుకుని లేచి, గోడకి ఆనించిన కర్ర తీసి నా చేతికిచ్చింది. చేను వైపు చూపించింది.

వెళ్ళేసరికి జొన్నమీద చిలకలు గుంపులుగా వాలి ఉన్నాయి. మూడు రోజుల్లో సగం కంకులు ఊడ్చేశాయి. నేను మంచె ఎక్కాను. అమ్మ కింద నిలబడింది. ఆమెలాగే నోరు తెరిచి ఊపిరి పీల్చుకుని, హోయ్ అన్నాను. సన్నగా వచ్చింది. ఒక్క చిలక తలెత్తి చూసి మళ్ళీ తినడంలో పడింది. ఇంకోసారి అన్నాను. అమ్మ చెయ్యి పైకెత్తి ఊపింది, ఇంకా గట్టిగా అన్నట్టు. తూము దగ్గర లాక్కెళ్తున్నప్పుడు ఊపినట్టే తల కూడా ఊపింది.

నాకు కళ్ళు కనపడలేదు. ఉన్న ఊపిరంతా పీల్చుకుని, "అది మాదే! అది మా అమ్మ గొంతు!" అని అరిచాను. రోడ్డు వైపు తిరిగి మళ్ళీ అరిచాను. "మా అమ్మ గొంతు సార్ అది! పేల్చకండి!"

రోడ్డు మీద ఎవరూ లేరు. చిలకలన్నీ ఒక్కసారి లేచి, తూము వైపున్న చేను కొసకి పోయి అక్కడ వాలాయి.